కార్ల మ్యూజియానికి కాలువ దారి

రోడ్డు భద్రతా ప్రబోధ మండలి ఉద్యోగులెవరూ విధి నిర్వహణలో ఉండగా రోడ్డు మీద కాలు మోపరాదని రాజధాని నుంచి ఉత్తర్వు దిగిన రోజున జిల్లా కార్యాలయంలో ఒక్కరూ నవ్వలేదు. ఉత్తర్వు చూసి నవ్వేంత పసివాళ్ళు ఆ ఆఫీసులో లేరు మరి.

దానికి కారణం ఒక గేదె. పక్క జిల్లాలో మండలి ఉద్యోగి ఒకాయన ‘నిదానంగా వెళ్ళండి, నిండు నూరేళ్ళు బతకండి’ అన్న బోర్డు కరెంటు స్తంభానికి కట్టి, నిచ్చెన దిగుతుండగా అటుగా వచ్చిన గేదె వెనకనుంచి కుమ్మింది. గేదె రోడ్డు మీదే ఉంది, ఉద్యోగీ రోడ్డు మీదే ఉన్నాడు. కాబట్టి అది రోడ్డు ప్రమాదమే. పేపరువాళ్ళు ఊరుకుంటారా? ‘భద్రత చెప్పేవాడికే భద్రత లేదు’ అని గేదె బొమ్మతో సహా వేసేశారు. రాజధానిలో పెద్దలు కూర్చుని ఆలోచించారు. రోడ్డెక్కనివాడికి రోడ్డు ప్రమాదం జరగదని తేల్చారు. ఆ తర్కంలో తప్పు పట్టడానికి ఎవరి తరమూ కాదు.

"మరి ఇళ్ళ నుంచి ఆఫీసుకి ఎలా రావాలండీ?" అని అడిగింది వీరవేణి.

పెచ్చెట్టి వీరవేణి ఆ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. మనసులో మాట నోట్లో దాచుకోవడం తెలియని మనిషి. ఆవిడ అడిగింది జిల్లా అధికారి పరాంకుశం గారిని. పరాంకుశం గారు మాట్లాడితే మాట్లాడినట్టుండదు, మెమో చదివినట్టుంటుంది.

"హాజరు పట్టీలో సంతకం పెట్టేవరకు మీరు మామూలు ప్రజలు వీరవేణి గారూ. ప్రజలకు రోడ్డు మీద జరిగే ప్రమాదాలతో మన మండలికి ఎటువంటి సంబంధమూ లేదని ఇందుమూలంగా గమనించగలరు" అన్నారాయన.

గమనించింది. అప్పటినుంచి రోడ్డు భద్రత పోస్టర్లు ఆఫీసు గోడలకే అంటించారు. హెల్మెట్ అవగాహన ర్యాలీ వరండాలో ఆ చివర్నుంచి ఈ చివరికి జరిగింది. సూపరింటెండెంటు గవర్రాజు గారు ప్రజల వేషం వేసి, హెల్మెట్ పెట్టుకోమని రెండోసారి చెప్పగానే మారిపోయారు.

అంతా బాగానే ఉండేది గానీ, మార్చి నెల వచ్చిపడింది. ఉద్యోగుల విజ్ఞాన యాత్రకని ఇచ్చిన పద్దు ఆ నెలాఖరులోగా వాడకపోతే మురిగిపోతుంది. సర్కారువారి ఆఫీసులో మనిషి మురిగిపోయినా ఫరవాలేదు, పద్దు మురిగిపోకూడదు. పరాంకుశం గారు సమావేశం పెట్టారు.

"యాత్ర మన శాఖకు సంబంధించినదై ఉండాలి. కావున వాహనాలుండాలి. భద్రత దృష్ట్యా అవి కదలకూడదు. అటువంటి ప్రదేశమేదైనా ఉన్నచో సభ్యులు సూచించగలరు."

గవర్రాజు గారు గొంతు సవరించుకున్నారు. "వేమగుంటలో ఉందండి సార్. మూర్తిరాజు గారని, రైస్ మిల్లు ఆసామి. మిల్లు మూసేసి గోడౌన్లో పాత కార్ల మ్యూజియం పెట్టారండి. రైల్లో వెళ్ళి సాయంత్రానికి తిరిగి వచ్చేయొచ్చండి. ఒక్కటీ కదల్దండి. మొన్ననే పెళ్ళికారు కూడా కొన్నారంట, పసుపుపచ్చది, టాపు లేనిది."

వీరవేణి చేతిలో కలం ఆగిపోయింది.

ఆ కారు గురించి ఇక్కడ నాలుగు ముక్కలు చెప్పుకోకపోతే కథ నడవదు. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల ఊళ్ళల్లో కాస్త పరువుగా పెళ్ళి చేశాం అనిపించుకోవాలంటే పెళ్ళికొడుకునీ పెళ్ళికూతుర్నీ ఆ పచ్చకార్లో ఊరేగించాల్సిందే. వీరవేణి పెళ్ళికీ ఆ కారే వచ్చింది. బంతిపూల దండలు, పెట్రొమాక్సు లైట్లు, ముందు బ్యాండు, పక్కన సిగ్గుతో మెడ తిప్పని ఏడుకొండలు. ఫోటోగ్రాఫరు ఆనందం ఆ రోజు కారు చుట్టూ తిరిగి, మేడలెక్కి, ఒకసారి చెట్టెక్కి కూడా ఫోటోలు తీశాడు. "అక్కా, నవ్వు. బావా, ఇటు" అని ప్రాణం తీశాడు. వారం తర్వాత వచ్చి, కెమెరాలో రీలు వెయ్యడం మర్చిపోయానని చెప్పాడు. వీరవేణి మూడు రోజులు అన్నం తినలేదు. తర్వాత తింది గానీ, ఆనందాన్ని మాత్రం ఈనాటికీ క్షమించలేదు. పెళ్ళయి పిల్లలు పుట్టి, వాళ్ళ పెళ్ళిళ్ళూ అయిపోయాయి. ఎవరింట్లో పెళ్ళి ఆల్బమ్ తెరిచినా ఆవిడ మంచినీళ్ళకని లేచి వెళ్ళిపోతుంది.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి మొగుడికి చెప్పింది. ఏడుకొండలు ఆటో నడుపుతాడు. ఊరి రోడ్ల మీద గతుకులన్నీ అతనికి పేరు పేరునా తెలుసు.

"ఏవండీ, మన కారు దొరికింది."

"మన కారేంటే? మనకి ఆటో కదా ఉంది."

"పెళ్ళికారండీ! వేమగుంటలో ఉందంట. కుటుంబంతో రావచ్చంట. దాంట్లో కూచుని ఒక్క ఫోటో తీయించుకుందామండీ. ఈ జన్మకి ఇంకేం అడగను."

ఏడుకొండలు ఆవిడ మొహం చూశాడు. వేళాకోళం చెయ్యబోయి మానుకున్నాడు. "ఓసినీ, దానికి రైలెందుకు? ఎక్కు, ఆదివారం ఆటోలో తీసుకెల్లి దింపేత్తాను."

"ఆదివారాలు మ్యూజియం తియ్యరంట. నాకు సెలవుల్లేవు. ఆఫీసోళ్ళతోటే ఎల్లాలి."

"సరే, ఎల్దాం. ఓ చొక్కా ఇస్త్రీ చేయించు" అన్నాడు ఏడుకొండలు.

మర్నాటి నుంచి ఆఫీసులో యాత్రా ప్రణాళిక తప్ప వేరే పని లేదు. ముందూ ఉండేది కాదు గానీ, ఇప్పుడు లేకపోవడానికి కారణం దొరికింది. రైలు వరకు ఇబ్బంది లేదు. పట్టాలు రోడ్డు కావు. చిక్కల్లా వేమగుంట స్టేషన్లో దిగాక వచ్చింది. మ్యూజియం స్టేషనుకి నాలుగు కిలోమీటర్ల దూరం. ఆ నాలుగు కిలోమీటర్లూ రోడ్డే.

"స్టేషన్లో దిగాక కాసేపు డ్యూటీ దిగిపోయి, మ్యూజియం గేటు దగ్గర మళ్ళీ ఎక్కితే ఎలా ఉంటుందండి?" అంది వీరవేణి.

పరాంకుశం గారు కళ్ళజోడు తీశారు. "డ్యూటీ అనునది కుళాయి కాదు వీరవేణి గారూ, మధ్యలో కట్టి మళ్ళీ తిప్పడానికి. ఆడిట్ అభ్యంతరం వచ్చును."

గవర్రాజు గారు పొలం గట్ల మీద నడుద్దామన్నారు. పరాంకుశం గారికి మోకాళ్ళ నొప్పులు. పల్లకీ అన్నారొకరు. బోయీలు ఏ రూలు కింద వస్తారో తేలలేదు. చివరికి పటాలు గీసే ట్రేసరు మోజెస్ తల గోక్కుంటూ లేచాడు.

"సార్, స్టేషన్ వెనకమ్మట కాలవ ఉందండి. అది మ్యూజియం పక్కనించే పోద్దండి. పడవేసుకుని ఎల్లిపోవచ్చండి."

గదిలో గాలి తేలికపడింది. అయితే వీరవేణి ఊరుకోదు కదా. "పడవ బోల్తా కొడితేనో?"

"బోల్తా కొట్టినచో అది జల ప్రమాదం. మన పరిధిలోకి రాదు" అన్నారు పరాంకుశం గారు ఎంతో ప్రశాంతంగా. అందరికీ ధైర్యం వచ్చింది.

మోజెస్ మ్యాపు తెచ్చి బల్ల మీద పరిచాడు. దాని మీద రైలు మార్గం నల్లగా, కాలువ నీలంగా, రోడ్లు ఎర్రగా ఉన్నాయి. పరాంకుశం గారు దాన్ని చూసి పామును చూసినట్టు వెనక్కి జరిగారు.

"ఏమిటిది? ఈ ఎర్రగీతలేమిటి?"

"రోడ్లండి."

"యాత్రా పత్రాలలో రోడ్లు చూపించుట అంటే సిబ్బందిని ప్రలోభపెట్టుటే. దారి కనిపిస్తే కాలు ఆగునా? తక్షణం చెరిపివేయగలరు."

మోజెస్ తెల్లసిరా బుడ్డి తెచ్చుకుని కూర్చున్నాడు. జిల్లాలో రోడ్లన్నీ ఆ మధ్యాహ్నానికి తుడిచిపెట్టుకుపోయాయి. మిగిలిన మ్యాపు చూడ్డానికి ముచ్చటగా ఉంది. రైలు, కాలువ, కాలువ పక్కన మ్యూజియం, చుట్టూ తెల్లటి శాంతి. పరాంకుశం గారు కింద ఆకుపచ్చ సిరాతో సంతకం పెట్టారు.

యాత్రకి ముందు నమూనా ప్రయాణం జరగాలని ఆయనే అన్నారు. వరండాలో కుర్చీలు రెండు వరసలుగా వేసి రైలన్నారు. గవర్రాజు గారు కిటికీ పక్క సీటు కోసం మోజెస్‌తో నిజంగానే పోట్లాడారు. బల్ల తిరగేసి పడవన్నారు. పరాంకుశం గారు ముందు కూర్చుని విజిల్ ఊదారు. పని మీద వచ్చిన ఒక పెద్దమనిషి గుమ్మంలో నిలబడి ఇదంతా చూసి, మళ్ళీ వస్తానని వెళ్ళిపోయాడు. వీరవేణికి మాత్రం ఇవేవీ పట్టలేదు. ఇంటికెళ్ళి పట్టుచీర ఎండలో వేసి, అద్దం ముందు నిలబడి నవ్వు ప్రాక్టీసు చేసింది. పళ్ళు కనపడేలా నవ్వాలా, పెదాలతోనే నవ్వాలా అన్నది పడుకునేదాకా తేలలేదు.

ఆ రోజు రానే వచ్చింది. అందరూ ఎవరి పూచీ మీద వాళ్ళు రోడ్డున పడి స్టేషనుకి చేరుకుని, ప్లాట్‌ఫారం మీద సంతకాలు పెట్టి, భద్రంగా డ్యూటీ ఎక్కారు. ప్యాసింజరు రైలు కదిలింది. పులిహోర డబ్బాల మూతలు లేచాయి. వీరవేణి ఎర్రంచు పసుపు పట్టుచీర కట్టుకుంది. ఏడుకొండలు ఇస్త్రీ చొక్కా నలుగుతుందని కూర్చోకుండా నిలబడే ఉన్నాడు. అతను జీవితమంతా రోడ్డు మీద గడిపిన మనిషి. ఈ జనం మధ్య పేరంటానికొచ్చిన మగవాడిలా ఉన్నాడు.

కాస్త దూరం వెళ్ళాక పరాంకుశం గారు కిటికీలోంచి చూసి హఠాత్తుగా లేచారు.

"సిబ్బంది దృష్టికి! ముందు లెవెల్ క్రాసింగు గేటు వచ్చుచున్నది. రైలు రోడ్డును దాటునంతసేపు మనము సాంకేతికంగా రోడ్డు మీద ఉన్నట్టే. కావున అందరూ పాదాలు పైకెత్తవలెను."

అందరూ ఎత్తారు. గవర్రాజు గారి బొజ్జ అడ్డమొస్తే మోజెస్ ఆయన మడమలు పట్టుకుని సాయం చేశాడు. ఎదురు సీటులో బుట్ట పెట్టుకుని కూర్చున్న ముసలమ్మ ఇదంతా చూసి, గభాల్న తనూ కాళ్ళు పైకి లాక్కుని దణ్ణం పెట్టింది.

"ఇక్కడేం దేవుడు బాబూ?" అని అడిగింది.

"గేటు దేవుడు మామ్మా" అన్నాడు మోజెస్.

"చాలా మహిమ గలోడా?"

"ఈయన దయ వల్లే ఇంతవరకు మాకేమీ కాలేదు."

ఇంకేముంది! రెండో గేటు వచ్చేసరికి పెట్టె పెట్టంతా కాళ్ళెత్తుకుని కూర్చుంది. మూడో గేటు దగ్గర కిటికీల్లోంచి చిల్లర పడింది. గోదారమ్మకి వేసినట్టు వేశారు. పచ్చజెండా పట్టుకున్న గేట్‌మాను తల తడుముకున్నాడు. ఏడుకొండలు నవ్వు ఆపుకోలేక తలుపు దగ్గరికి పోయి, కడ్డీ పట్టుకుని ఒంటరిగా నవ్వుకుని వచ్చాడు.

వేమగుంటలో దిగి, ప్లాట్‌ఫారం చివరనుంచి కాలువ గట్టు మీదుగా పడవెక్కారు. స్టేషన్ బయట ఆటోలవాళ్ళు "మ్యూజియమా అండీ, రండి, పది నిమిషాలు" అని కేకలేస్తుంటే పరాంకుశం గారు చెవులు మూసుకోమన్నారు. పడవ చల్లగా సాగింది. రెండో పంట దాళ్వా కోతలు అప్పుడే మొదలయ్యాయి. గట్ల మీద కొంగలు, నీళ్ళల్లో గుర్రపుడెక్క. గవర్రాజు గారు చిన్నప్పటి పద్యాలు ఎత్తుకున్నారు. ఎండ మాడుతున్నా ఎవరికీ పట్టలేదు. వీరవేణికి గుండె దడదడలాడుతోంది. పెళ్ళినాడు కూడా ఇంత దడ లేదు. ఆవాళ మొగుడెలాంటివాడో అన్న భయం ఉండేది. ఇవాళ ఆ భయం లేదు, వట్టి సంబరమే.

పడవ ఒడ్డుకి తగిలింది. అందరూ గట్టెక్కారు. ఎక్కి, నిలబడిపోయారు.

ఎదురుగా మ్యూజియం. మిల్లు గోడౌను, పెద్ద ఇనపగేటు. గేటు లోపల, ఎండలో, పసుపుపచ్చగా, టాపు లేకుండా, ఆ కారు. వీరవేణి "అమ్మో!" అని నోటికి చెయ్యడ్డం పెట్టుకుంది.

కాలువ గట్టుకీ, ఆ గేటుకీ మధ్యన రోడ్డు.

పరాంకుశం గారు కళ్ళజోడు సర్దుకుని అడిగారు, "ఏమిటది?"

"రోడ్డులా కనిపిస్తోందండి సార్" అన్నారు గవర్రాజు గారు జాగ్రత్తగా.

"కనిపించుట వేరు, ఉండుట వేరు." ఆయన మ్యాపు విప్పి, దాన్నీ రోడ్డునీ మార్చి మార్చి చూశారు. మ్యాపులో కాలువ పక్కనే మ్యూజియం ఉంది. మధ్యన తెల్లగా ఉంది. "మోజెస్! ఇక్కడ రోడ్డు లేదే!"

"ఉండేదండి సార్. చెరిపేశాను కదండి, తమరు చెప్పారని."

"చెరిపివేసిన రోడ్డు ఇక్కడికి ఎలా వచ్చింది?"

మోజెస్ దగ్గరున్న సమాధానం పైఅధికారికి చెప్పదగ్గది కాదు.

ఏడుకొండలు మాత్రం చెప్పులు టపటపలాడించుకుంటూ రోడ్డు దాటిపోయాడు. కారు చుట్టూ తిరిగి, తలుపు నిమిరి, మళ్ళీ ఇటు దాటొచ్చి, "అదేనే! సీటు గుడ్డ మార్చారు గానీ, అదే!" అని చెప్పి, పెళ్ళాం చేతిసంచీ పట్టుకుని మళ్ళీ అటు దాటిపోయాడు. ఉద్యోగులంతా ఊపిరి బిగబట్టి చూశారు.

"ఆయన్ని ఆపక్కర్లేదా సార్?" అన్నారు గవర్రాజు గారు.

"అతను ప్రజలు. దాటనివ్వండి" అన్నారు పరాంకుశం గారు.

అప్పుడు గవర్రాజు గారికే ఒక ఆలోచన వచ్చింది. రోడ్డు ఇవతల సగం మీద రైతులు వడ్లు ఆరబోసుకున్నారు. మధ్యగీత దాకా బంగారంలా పరుచుకుని ఉన్నాయి. "సార్, ధాన్యం ఆరబోసిన చోటుని ఏమంటారండి? కళ్ళం అంటారు. కళ్ళం వ్యవసాయ శాఖ కిందకి వస్తుందండి."

పరాంకుశం గారి మొహం వికసించింది. వెంటనే అంగీకారం తెలిపారు. వడ్ల దగ్గర గొడుగేసుకుని కూర్చున్న ముసలి రైతామె ముందు కోప్పడింది గానీ, సంగతి విన్నాక మెత్తబడింది.

"చెప్పులిప్పి రండి బాబూ. ఊరికే నిలబడకండి. కాళ్ళీడుస్తా చాళ్ళు తీసుకుంటా నడండి, గింజ తిరగబడి బాగా ఎండుద్ది. మీరు దేవుళ్ళలా వచ్చారు, పొద్దుట్నించీ నడుం పడిపోయింది నాకు."

రోడ్డు భద్రతా ప్రబోధ మండలి జిల్లా శాఖ యావత్తూ చెప్పులు చేత్తో పట్టుకుని, నడిరోడ్డు మీద, ముసలి రైతామె తాలూకు వడ్లు తిరగేసింది. బస్సులు మూరెడు దూరంలోంచి హారన్లు కొట్టుకుంటూ పోతున్నాయి. లారీ గాలికి గవర్రాజు గారి కండువా ఎగిరి కాలువలో పడింది. మండలి పుట్టినప్పటినుంచి దాని ఉద్యోగులు ఇంత ప్రమాదకరమైన చోట నిలబడింది లేదు. అయితేనేం, రూలు ప్రకారం వాళ్ళు రోడ్డు మీద లేరు.

వడ్లు మధ్యగీత దగ్గర అయిపోయాయి. అవతల సగం వట్టి రోడ్డు.

"అమ్మా, ఆ సగంలో కూడా కొంచెం పరచగలరా?" అని అడిగారు పరాంకుశం గారు.

"అటుపక్క మాది కాదు బాబూ, సూరన్నోళ్ళ వాటా. ఆళ్ళ కోత ఎల్లుండి."

ఎల్లుండి దాకా ఆగుదామా అన్న విషయం మీద నడిరోడ్డున చర్చ మొదలైంది. ఇద్దరు ఆగుదామనే అన్నారు. ఇంతలో గట్టు దగ్గర పడవవాడు కేకేశాడు, తిరుగు రైలుకి వేళవుతోందని. పరాంకుశం గారు గడియారం చూసి, గేటు వైపు ఒక చూపు చూసి, నిర్ణయం ప్రకటించారు.

"సిబ్బంది ఇచ్చటి నుండియే మ్యూజియమును కన్నులారా చూచియున్నారు. సందర్శన పూర్తయినట్టు నమోదు చేయడమైనది. అందరూ తిరిగి పడవ ఎక్కగలరు."

వీరవేణికి ఒళ్ళు మండిపోయింది. ఆ వెంటనే ఏడుపూ వచ్చింది. అటుపక్క ఏడుకొండలు కారు తలుపు తీసి, తన ఇస్త్రీ చొక్కా అంచుతోటే సీటు తుడుస్తున్నాడు. తుడిచి, రమ్మని చేత్తో సైగ చేస్తున్నాడు. ఆనాడు రీలు లేక ఫోటో పోయింది. ఇవాళ కారుంది, మొగుడున్నాడు, ఎండుంది, అందరి జేబుల్లో కెమెరాలున్నాయి. అడ్డమల్లా అర రోడ్డు.

"సార్, నేను దాటుతానండి" అంది.

వడ్లలో అందరి కాళ్ళూ ఆగిపోయాయి.

"వీరవేణి గారూ! దాటినచో సంజాయిషీ ఇవ్వవలసి వచ్చును."

"ఇస్తానండి."

"మీకేదైనా జరిగితే మండలి పరువేం కావాలి?"

"జరిగితే నేనేం కావాలో కూడా ఓ ముక్క అడగండి సార్!" అని, ఆవిడ కుచ్చిళ్ళు కాస్త పైకి పట్టుకుంది. కుడివైపు చూసింది. ఎడమవైపు చూసింది. మళ్ళీ కుడివైపు చూసింది. వస్తున్న మోటారుసైకిల్ని పోనిచ్చింది. తర్వాత నడిచి అవతలికి వెళ్ళింది.

అంతే. రోడ్డు ఏమీ అనలేదు. గవర్రాజు గారు మూసుకున్న కళ్ళు ఒకటి తెరిచి, తర్వాత రెండోది తెరిచారు.

గేటు దగ్గర మూర్తిరాజు గారు ఎదురొచ్చారు. తెల్లటి మీసాలు, తెల్లటి పంచె, మనిషి అసలే సరదా మనిషి. ఏడుకొండలు అప్పటికే ఆయనకి ఫోటోగ్రాఫరు ఆనందం సంగతి పూర్తిగా చెప్పేశాడు.

"ఆయ్, నిలబెట్టిన కార్లో ఫోటో ఏం బాగుంటుందమ్మా? పెళ్ళికారన్నాక ఊరేగాలి కదండీ! ఎక్కండి, ఎక్కండి. నేను నడుపుతాను. బ్యాండు లేదు గానీ హారన్ ఉంది" అన్నారు.

మ్యూజియంలో కదలదన్న కారు ఒక్క ఊపు ఊగి, దగ్గి, నీలంగా పొగ వదిలి, కదిలింది. గేటు దాటి రోడ్డెక్కింది. వెనక సీట్లో వీరవేణి, పక్కన ఏడుకొండలు. మూర్తిరాజు గారు ఆపకుండా హారన్ కొడుతున్నారు. ఏడుకొండలు ఇచ్చిన ఫోను పట్టుకుని మ్యూజియం వాచ్‌మన్ గేటు దగ్గర గురిచూస్తున్నాడు. కారు పెళ్ళినడకతో మండలి ముందుకి వచ్చింది.

ముందు ఎవరు విసిరారో చెప్పలేం. మోజెస్ అనే అంటారు. వంగి, దోసెడు వడ్లు తీసి, "దీర్ఘసుమంగళీభవ!" అని కారు మీదికి చల్లాడు. చర్చికెళ్ళే మనిషికి ఆ మాట ఎలా నోటికొచ్చిందో వాడికే తెలియాలి. ఆ తర్వాత ఆగలేదు. టైపిస్టులు చల్లారు, గుమాస్తాలు చల్లారు, గవర్రాజు గారు మంత్రాలందుకున్నారు. పెళ్ళికారు ఎదురుగా వస్తుంటే చేతిలో గింజలుండి చల్లని తెలుగువాడెవడు? "నా వడ్లు! మీ దుంపతెగా, నా వడ్లు!" అని ముసలమ్మ గొడుగు పట్టుకుని పరిగెత్తుకొచ్చి, కార్లో పట్టుచీర కట్టుకుని కూర్చున్న ఆడమనిషిని చూసి, తనూ ఓ గుప్పెడు చల్లి, మళ్ళీ తిట్టడం మొదలెట్టింది.

పరాంకుశం గారొక్కరే చల్లలేదు. మధ్యగీత అంచున నిటారుగా నిలబడి, కుడిచెయ్యి పైకెత్తి, అరచెయ్యి చాపి ఏదో అరిచారు. హారన్ మోతలో ఎవరికీ వినపడలేదు.

వీరవేణికి పళ్ళు కనిపించేలా నవ్వాలా వద్దా అన్న ప్రశ్న గుర్తే లేదు. నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చేశాయి. ఏడుకొండలు ఈసారి మెడ తిప్పి పెళ్ళాం వైపే చూశాడు. సరిగ్గా అప్పుడే వాచ్‌మన్ నొక్కాడు.

మర్నాడు సంజాయిషీ మెమో తయారైంది గానీ ముందుకి కదల్లేదు. మండలివారి నివేదికలో మృతి, తీవ్రగాయం, స్వల్పగాయం అని మూడే గళ్ళున్నాయి. రోడ్డు దాటి క్షేమంగా చేరినవాళ్ళని రాయడానికి గడి లేదు. గవర్రాజు గారు వీరవేణిని పిలిచి, ఎక్కడైనా కనీసం గీరుకుందేమో చూసుకోమని బతిమాలారు. లేదంది. పరాంకుశం గారు రాజధానికి రాశారు. గాయం లేనిచో దాటనట్టే భావించవలెనని అక్కణ్ణుంచి జవాబొచ్చింది. ఆ విధంగా వీరవేణి ఆ రోజు రోడ్డు దాటలేదు. జిల్లాలో మండలి పరువు నిలబడింది.

దాటని ఆ రోజు ఫోటో వాళ్ళింట్లో హాల్లో, టీవీ పైన, పెద్ద ఫ్రేములో వేలాడుతోంది. పచ్చకారు, గాల్లో ఆగిపోయిన వడ్లగింజలు, పగలబడి నవ్వుతున్న వీరవేణి, ఆవిడ్నే చూస్తున్న ఏడుకొండలు. వెనక చెప్పులు చేత్తో పట్టుకుని, వడ్లు చల్లుతున్న జనం. వచ్చినవాళ్ళంతా కాసేపు దాని ముందు నిలబడతారు. నిలబడి, దాదాపు అందరూ ఒకటే అడుగుతారు.

"చెయ్యెత్తి మిమ్మల్ని దీవిస్తున్నారే, ఆ పెద్దాయన ఎవరమ్మా?"

"మా ఆఫీసరు గారండి" అంటుంది వీరవేణి కాఫీ గ్లాసులు అందిస్తూ. "దీవించట్లేదండి. ఆగమంటున్నారు."